కళ్లెము లేని గుఱ్ఱము

కళ్లెము లేని గుఱ్ఱమన్న మనకు పొగరే స్ఫురించును. ఇది గుఱ్ఱమునకు జేయు నన్యాయమని నా యభిప్రాయము. ప్రాచీన కాలమున ఉత్తరాఫ్రికాలోని నుమిడియా రౌతులు కళ్లెమును జీనును లేకయే, మెడకొక త్రాడు చుట్టి, చిన్న కఱ్ఱతో సైగచేయుచు స్వారి చేసెడివారు. క్రీ. పూ. 202లో జామాయొద్ద హన్నిబాలు నోడించుటకు రోమనులకు దోడ్పడినది మసినిస్సా నడిపిన యట్టి రౌతులే. ఈగ వాలినను చర్మము నదరించు జంతువునకు రౌతు తొడల యొత్తిడి తెలియకుండునా? నోట నినుము గ్రుక్కి లాగుట పెక్కుసారులు మన తొందరపాటే.

అయినను బెదరుగుఱ్ఱమును కళ్లెము లేక బాటపైకి దెచ్చుట ధైర్యము గాదు, మూర్ఖత. స్వభావ మెఱుంగుటకు నెలలు పట్టును. ఇరువదియేండ్లుగా తరగతిలో గొంతెత్తి యదలించుచున్న నాకు, ఏ పిల్లవాడు దేనికి బెదరునో నేటికిని సరిగా దెలియదు.