నాదం ముగిసేదాకా...

ఆలయంలో గంట కొట్టి, ఆ నాదం ఆగకముందే గర్భగుడి వైపు త్వరపడతాం. శాంతిని కోరి వెళ్లి, శాంతినిచ్చే ఆ క్షణాన్నే విడిచిపెడుతున్నాం.

హిమాలయ ప్రాంతపు కంచుగిన్నెల నాదంలో మనసును ఓలలాడించే ‘సౌండ్ బాత్’ ధ్యానం నేడు నగరాలలో ఆదరణ పొందుతోంది. ఆ నాదం విన్న 62 మందిలో ఉద్రిక్తత, కోపం, అలసట తగ్గినట్లు 2017లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలన తెలిపింది. వినని వారితో పోల్చి చూడలేదు కనుక దానిని తుది నిర్ణయంగా భావించరాదు. అది వైద్యానికి ప్రత్యామ్నాయమూ కాదు. అయితే నాదం మనసును నిలుపుతుందన్న భావన మనకు కొత్తది కాదు. ధ్యానబిందూపనిషత్తు ప్రణవాన్ని తెగని తైలధారతో, దీర్ఘ ఘంటానాదంతో పోల్చింది. మన గుడిగంటలు కూడా తరచూ రాగి, తగరం కలిసిన కంచుతో చేసినవే.

మెట్‌పల్లి భక్తులు ఆ గిన్నెల కోసం నగరాలకు వెళ్లనక్కరలేదు. ధర్మపురి నరసింహుని సన్నిధిలోనో, కొండగట్టు అంజన్న చెంతనో, ఇంటి పూజగదిలోనో గంటను ఒక్కమారు మెల్లగా మోగించండి. వెనుకవారికి దారి విడిచి, పక్కన నిలిచి కన్నులు మూయండి. నాదం సన్నగిల్లి నిశ్శబ్దంలో లీనమయ్యేవరకు ఆలకించండి. ఆ పిదపనే చేతులు జోడించండి. అప్పుడు దైవం ఎదుట నిలిచేది దేహం మాత్రమే కాదు, మనసు కూడా.