అన్నం తగ్గించడం మేలే, మందులు మానడమే ప్రమాదం

పిండిపదార్థాలను బాగా తగ్గించి కొవ్వును పెంచే ఆహారపద్ధతి మంచిదా, చెడ్డదా అని అడిగేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. 2017, 2018 సంవత్సరాలలో ఈ పద్ధతి సభల ద్వారా, యూట్యూబు ద్వారా తెలుగునాట విస్తృతంగా ప్రచారమైంది. అన్నం, ఇడ్లీ, పండ్లు మాని, రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వును కొబ్బరినూనె, నెయ్యి, వెన్న రూపంలో తీసుకొన్నవారు అనేకులు. కొందరు దీనిని సర్వరోగ నివారిణి అన్నారు. మరికొందరు ప్రాణాంతకం అన్నారు. నా దృష్టిలో రెండూ అతిశయోక్తులే. ఇందులోని మేలు చాలావరకు అన్నం, చక్కెర తగ్గించడం వలన కలిగేది. కీడు చాలావరకు వాడుతున్న మందుల సంగతి చూసుకోకుండా మొదలుపెట్టడం వలన కలిగేది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1863లో లండనులో విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మాని బరువు తగ్గి, తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా ప్రచురించాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛవ్యాధికి కీటోజెనిక్ ఆహారాన్ని ప్రతిపాదించాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నిపుణుల పర్యవేక్షణలో ఆ చికిత్సను నేటికీ ఇస్తున్నారు.

శరీరంలో జరిగేది ఇది. మనం తిన్న పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దానిని కణాలలోనికి పంపడానికి ఇన్సులిన్ కావాలి. పిండిపదార్థం అందకపోతే కాలేయం, కండరాలలో నిలువ ఉన్న గ్లైకోజెన్ ముందుగా ఖర్చవుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు కలిసి ఉంటుంది. కనుక తొలివారంలో తగ్గిన రెండు, మూడు కిలోలలో అధికభాగం నీరే. ఆ తరువాత కాలేయం కొవ్వు నుండి కీటోనులను తయారుచేస్తుంది. మెదడు సైతం వాటిని ఇంధనంగా వాడుకొంటుంది.

ప్రయోజనాలు నిజమైనవే. రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడులు తగ్గుతాయి, ఆకలి అదుపులో ఉంటుంది. 2008లో వెలువడిన ఇజ్రాయెల్ అధ్యయనంలో 322 మందిని రెండేళ్ళు పరిశీలించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 2.9 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 4.7 కిలోలు తగ్గారు. అయితే 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిపై జరిపిన పరిశోధనలో ఏడాది తరువాత రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అక్కడ రెండు వర్గాలవారికీ చక్కెర, మైదా వంటివి తగ్గించి కూరగాయలు పెంచమనే చెప్పారు. గమనించవలసిన విషయం ఇదే.

మన భోజనాన్ని చూడండి. ఉదయం ఇడ్లీ లేక ఉప్మా, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, రాత్రి మళ్ళీ అన్నమో, చపాతీయో. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. 18,090 మంది భారతీయుల ఆహారాన్ని విశ్లేషించి 2022లో ప్రచురించిన అధ్యయనం, కొత్తగా మధుమేహం బయటపడినవారు పిండిపదార్థాల నుండి పొందే శక్తిని 49 నుండి 54 శాతానికి తగ్గించుకొని మాంసకృత్తులను పెంచుకోవాలని సూచించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదని చెప్పింది. అంటే తగ్గించవలసిన మాట వాస్తవం. సున్నా చేయవలసిన అవసరం మాత్రం లేదు.

ఇక ప్రమాదాలు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వాడేవారు మోతాదు మార్చుకోకుండా అన్నం మానితే చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారిలో చక్కెర విలువ ఎక్కువగా లేకపోయినా రక్తం ఆమ్లపూరితమయ్యే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి రకం మధుమేహం ఉన్నవారు ఎవరి మాట వినైనా సరే ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల వ్యాధి లేదా క్లోమగ్రంథి వాపు ఉన్నవారు ఈ పద్ధతి జోలికి పోరాదు.

కొందరిలో చెడు కొలెస్టరాల్ అయిన ఎల్‌డీఎల్ బాగా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి అది చిన్న విషయం కాదు. పీచు తగ్గి మలబద్ధకం కలుగుతుంది. పదిహేను వేలమందికి పైగా అమెరికన్లను దీర్ఘకాలం పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పిండిపదార్థానికి బదులు మాంసం, జంతువుల కొవ్వు తిన్నవారిలో మరణాలు ఎక్కువగానూ, గింజలు, పప్పుల వంటి శాకాహారం తిన్నవారిలో తక్కువగానూ కనిపించాయి.

‘నయమైపోయింది’ అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. మందులు లేకుండా కనీసం మూడు నెలలు హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు ఉంటే దానిని ఉపశమనం అంటారు. పాత తిండికి మరలితే, బరువు తిరిగి పెరిగితే, వ్యాధి కూడా మరలవచ్చు.

కనుక నా సలహా ఇది. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండనివ్వండి. అన్నాన్ని పావు భాగానికి పరిమితం చేసి, మిగిలిన పావు పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగులకు ఇవ్వండి. తీపి పానీయాలు మానండి. నూనె గ్లాసులో పోసుకొని త్రాగవలసిన పని లేదు. అంతకంటె కఠినమైన పద్ధతి పాటించదలిస్తే, మొదలుపెట్టక ముందే మీ మందుల చీటీతో వైద్యుని కలవండి. క్రియాటినిన్, కొలెస్టరాల్, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించుకొని, మూడు నెలలకు మళ్ళీ చూపించుకోండి.

వైద్యమిత్రులకూ ఒక మాట. అన్నం మానుతానని రోగి చెప్పినప్పుడు కసరుకోవద్దు. కసురుకొంటే అతడు మానక మానడు, మీతో చెప్పడం మాత్రం మానివేస్తాడు. అప్పుడు అతని మందుల మోతాదును సరిచేసేవారు ఎవరూ ఉండరు.