ఇంజనీరునకు భౌతికశాస్త్రమేల?

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రహదారివెంట సాగినచో అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చును. ఒకప్పుడు పొలములకును, రాతిగుట్టలకును నెలవైన ఈ ప్రాంతమున నేడు పెక్కు ఇంజనీరింగు కళాశాలలు వెలసియున్నవి. ప్రతి ఉదయము కళాశాలల బస్సులు బారులుతీరి వచ్చుచుండును. వానియందు వచ్చు విద్యార్థులలో తమ యింట మొట్టమొదటి పట్టభద్రులు కాబోవువారును కలరు. వారి చదువుకొఱకు అప్పుచేసిన తల్లిదండ్రులు కలరు. ఎకరమో అరయెకరమో అమ్ముకొన్నవారును కలరు. ఇంతటి త్యాగముతో లభించు విద్య పట్టముతో ముగిసిపోవలెనా, బుద్ధికి పదునుపెట్టవలెనా యనునది ఆలోచింపదగిన విషయము.

ఇంజనీరింగు విద్య మొదటి సంవత్సరమున 'అప్లైడ్ ఫిజిక్సు' అను పాఠ్యాంశము సాధారణముగా నుండును. ప్రకృతి నియమములను మానవోపయోగమునకు ఎట్లు మలచుకొనవలెనో తెలుపు శాస్త్రమిది. కాని పలువురు విద్యార్థులు దీనిని దారికడ్డమైన రాయిగా నెంచుచున్నారు. "కంప్యూటరు శాఖలో చేరినవానికి స్ఫటికములతోను, తరంగములతోను పనియేమి?" యని ప్రశ్నించుచున్నారు. పాత ప్రశ్నపత్రములు నాలుగు తిరుగవేసి, పరీక్ష గట్టెక్కి, పుస్తకమును అటకెక్కించుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదు.

వారు నమ్ముకొన్న కంప్యూటరే భౌతికశాస్త్రపు బిడ్డ. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనువారు జెర్మేనియమను స్ఫటికముతో తొలి ట్రాన్సిస్టరును నిర్మించిరి. వారికిని, షాక్లీకిని 1956లో లభించిన నోబెల్ బహుమానము భౌతికశాస్త్రమునకు సంబంధించినదే. నేటి చిప్పులలో అట్టి ట్రాన్సిస్టర్లు కోట్లకొలది ఇమిడియున్నవి.

అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వచ్చు విద్యార్థులలో ఎల్.బి. నగర్ వఱకు మెట్రో రైలులో ప్రయాణించువారు కలరు. ఆ రైలు అచ్చటికి 2018లో వచ్చినది. స్టేషను సమీపించి వేగము తగ్గునపుడు, రైలును నడుపు మోటారే జనరేటరుగా మాఱి విద్యుత్తును పుట్టించి పైతీగకు తిరిగి యిచ్చును. వేగమంతయు వేడిగా వృథాపోక కొంత విద్యుత్తుగా మాఱునన్నమాట. దీనికి మూలము 1831లో ఇంగ్లండున మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణము. తీగచుట్టలో ఆయన అయస్కాంతమును కదల్చి చూచిననాడు విద్యుత్తుతో నడచు రైలు ఎచ్చటను లేదు.

భౌతికశాస్త్రము, ఇంజనీరింగు ఒక్కరియందే కలిసినచో ఎట్టి మేలు చేకూరునో అయ్యగారి సాంబశివరావుగారి జీవితము తెలుపుచున్నది. ఆయన 1914లో పశ్చిమగోదావరి ప్రాంతపు మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, అచ్చటనే బోధించి, పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించిరి. తిరిగివచ్చి హోమీ భాభాగారి శాస్త్రజ్ఞ బృందములో చేరిరి. 1956 ఆగస్టు 4వ తేదీన బొంబాయి చెంత ట్రాంబేలో 'అప్సర' యను అణు రియాక్టరు పనిచేయ నారంభించెను. దాని ఇంధనము బ్రిటనునుండి వచ్చినను, దానిని అదుపుచేయు ఎలక్ట్రానిక్ సాధనములను సాంబశివరావుగారి బృందము స్వదేశముననే నిర్మించెను. రియాక్టరులో న్యూట్రానుల సంఖ్య మితిమీరినచో వెంటనే కనిపెట్టి, వానిని పీల్చుకొను నియంత్రకములను లోనికి దింపవలెను. న్యూట్రానుల నడవడి యెఱుగని ఇంజనీరు అట్టి సాధనమును రూపొందింపజాలడు. విద్యుత్ వలయములను నిర్మింపనేరని భౌతికశాస్త్రజ్ఞుడును రూపొందింపజాలడు. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినప్పుడు దానిని నడుపు భారము ఆయనకే అప్పగింపబడెను. మన దేశపు ఓటింగు యంత్రములను తయారుచేయు రెండు సంస్థలలో అది యొకటి.

ఎదురు వాదించువారి మాటయు త్రోసిపుచ్చదగినది కాదు. అప్పుతో చదువు పిల్లవానికి త్వరగా ఉద్యోగము కావలెను. ఉద్యోగమిచ్చువారు మొదట ప్రోగ్రాములు వ్రాయు నేర్పునే అడుగుదురు. ఉద్యోగము కోరుట తప్పుకాదు. కాని నేడు గిరాకిగల ప్రోగ్రామింగు భాష పదియేండ్లకు మూలబడవచ్చును. దానిని మాత్రమే నేర్చినవాడు దానితోడనే మూలబడును. కొలుచుట, కొలతలోని దోషమును లెక్కగట్టుట, కారణమును వెదకుట అలవడినవాడు క్రొత్తదానిని కొద్దికాలములోనే వశపఱచుకొనును. ఈ అలవాటును నేర్పునది భౌతికశాస్త్ర ప్రయోగశాలయే. కలవారి బిడ్డ పొరపడినను మరల చదువుకొనగలడు. పేదయింటి బిడ్డకు రెండవ అవకాశము అరుదు. కావున పునాది గట్టిగా నుండుట వానికే మిక్కిలి యవసరము.

ఉపాధ్యాయులకును ఇందు బాధ్యత కలదు. సూత్రమును నల్లబల్లపై వ్రాసి విడువక, అది మెట్రో రైలులోను, ఇంటి ఫ్యానులోను ఎట్లు పనిచేయుచున్నదో వారు చూపవలెను. అంతకంటె ముఖ్యముగా, ఈ అభ్యాసము బాల్యముననే మొదలుకావలెను. ఘర్షణను గూర్చి చదివిన బాలుడు సైకిలు బురదలో ఏల జాఱునో యోచింపవలెను. ధ్వనిని గూర్చి చదివిన బాలిక, బిందెలో నీరు నిండుకొలది చప్పుడు ఏల మాఱునో చెవియొగ్గి వినవలెను. అట్లు ప్రశ్నించుట నేర్చిన పిల్లలు రేపు ఏ శాఖలో చేరినను, మొదటి సంవత్సరపు ఆ పుస్తకమును అటకెక్కింపరు.