క్రేన్ నీడన గాలిలో దీపం!
కాగితాలపైనే భద్రత.. ముప్పు కాంట్రాక్టు కార్మికులకే

విశాఖపట్నం: హిందుస్థాన్ షిప్‌యార్డులో 2020 ఆగస్టు 1న 70 టన్నుల క్రేన్‌కు సామర్థ్య పరీక్ష జరుపుతుండగా అది ఒక్కసారిగా కుప్పకూలింది. 11 మంది దుర్మరణం పాలయ్యారు. వారిలో సంస్థ ఉద్యోగులు నలుగురు కాగా, మిగిలిన ఏడుగురు కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా వచ్చినవారు. బరువులెత్తే చోట ముప్పు ఎవరి నెత్తిన వేలాడుతుందో ఈ లెక్కే చెబుతోంది.

నిబంధనలు లేక కాదు. క్రేన్లు, గొలుసులు, తాళ్లను 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన నిపుణుడు క్షుణ్నంగా పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నిర్దేశించింది. నిర్ణీత బరువుకు మించి ఎత్తరాదనీ స్పష్టం చేసింది. అయితే ఏడాదికోసారి ఇచ్చే ధ్రువపత్రం యంత్రానికే పరిమితం. ఆ రోజు క్రేన్‌ను నిలిపిన నేల గట్టిదా, కాదా అన్నది అందులో ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బూమ్ దూరంగా చాచేకొద్దీ క్రేన్ ఎత్తగల బరువు తగ్గిపోతుంది. మెత్తని నేలపై కాళ్ల కింద దిమ్మలు వేయకుంటే పక్కకు ఒరుగుతుంది. నిర్మాణ స్థలాల్లో విరివిగా తిరిగే హైడ్రా క్రేన్లు బరువును వేలాడదీసుకునే కదులుతాయి. ఊగే ఇనుమును చేత్తో పట్టుకుని పక్కన నడిచే కూలీ డ్రైవర్‌కు కనిపించకపోవచ్చు. బరువుకు తాడు కట్టి దూరం నుంచి అదుపు చేయడం, సైగలిచ్చేందుకు శిక్షణ పొందిన మనిషిని నిలపడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వెనక్కి వచ్చే లారీలు, ఫోర్క్‌లిఫ్టుల దారిలోకి మనుషులు రాకుండా గీత గీయడమూ అంతే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం ప్రమాదం ముంచుకొస్తోందని భావించిన కార్మికుడు ఆ సంగతిని యజమానికి, తనిఖీ అధికారికి తెలపవచ్చు. నియామక పత్రం ఇవ్వడమూ తప్పనిసరి. కానీ మేస్త్రీ పిలిస్తేనే పని దొరికే కూలీ ‘ఆపండి’ అని నోరు తెరిస్తే మర్నాడు పొయ్యి వెలుగుతుందా?

అందుకే పని ఆపించినవారి కూలికి హామీ ఇవ్వాల్సింది ప్రధాన సంస్థే. క్రేన్‌ను పరీక్షించే వేళ అవసరం లేని వారిని దూరంగా ఉంచాల్సిందీ ఆ సంస్థే. ప్రమాదం జరిగాక ప్రకటించే పరిహారం కన్నా, ముందుగా ఆపిన ఒక గంట పని ఎంతో చౌక.