పటాలాల రాళ్లు

పిల్లలూ! పొలంలో హద్దురాయి ఎందుకు పాతుతారో మీకు తెలుసు. ఇంతవరకు నాది, అక్కడి నుంచి నీది అని రేపు తగువు రాకుండా వుండటానికి. అమెరికాలో ఒకచోట పొలాల నిండా, గుట్టల మీదా ఇలాంటి రాళ్లు నిలబడి వున్నాయి. కాని అవి భూమికి హద్దులు కావు. ఒకనాడు ఏ సిపాయిలు ఎంతమేర వరుసకట్టి పోరాడారో చూపే హద్దులు!

ఆ చోటు పేరు గెటిస్‌బర్గ్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో చిన్న పట్నం. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి మనుషులను బానిసలుగా కొనేవారు, అమ్మేవారు. ఆ పద్ధతిని నిలుపుకోవటానికి ఆ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి. ఉత్తరాది రాష్ట్రాలు అందుకు ఒప్పుకోలేదు. 1863 జూలై 1, 2, 3 తేదీలలో రెండు సేనలూ గెటిస్‌బర్గ్ వద్ద తలపడ్డాయి. ఉత్తరాది సేన గెలిచింది. కాని ఆ మూడు రోజుల్లో చనిపోయినవారూ, గాయపడినవారూ, పట్టుబడినవారూ, జాడ తెలియనివారూ రెండు పక్షాలా కలిసి సుమారు 51,000 మంది!

కాల్బలాన్ని పటాలాలుగా విభజించేవారు. కొత్తగా కూర్చినప్పుడు ఒక పటాలంలో సుమారు వెయ్యిమంది వుండేవారు. తరచు ఒకే ప్రాంతంవాళ్లు ఒకే పటాలంలో చేరేవారు. అన్నదమ్ములు, ఇరుగుపొరుగువాళ్లు, ఒకే బడిలో చదివినవాళ్లు పక్కపక్కనే నడిచేవారు. యుద్ధం సాగినకొద్దీ ఆ వెయ్యి కొన్ని వందలకు తరిగిపోయేది. మిన్నెసోటా 1వ పటాలంవారు రెండో రోజు సాయంత్రం 262 మంది శత్రువు మీదికి దూకారు. చివరకు వరుసలో మిగిలింది 47 మంది.

బతికినవాళ్లు తమతో వచ్చి తిరిగిరాని వాళ్లను మరిచిపోలేదు. మసాచుసెట్స్ 2వ పటాలంవారు 1879లో యుద్ధభూమిలో తమ రాయి నిలిపారు. పటాలం పేర అక్కడ వెలిసిన మొదటి రాయి అదే. ఆ తరవాత ఎన్నో పటాలాలు రాళ్లు నిలిపాయి. ఇప్పుడు అక్కడ స్మారకాలూ, గుర్తురాళ్లూ కలిసి 1,300 పైగా వున్నాయి.

ఆ రాళ్లను చదవటానికి ఒక పద్ధతి వున్నది. మధ్యన పెద్ద రాయి వుంటుంది. దానికి కొంత దూరంలో కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి, మోకాటి ఎత్తు రాళ్లు వుంటాయి. ఈ చిన్న రాళ్ల మధ్య తాడు లాగినట్టు ఊహించుకోండి. అదే ఆ పటాలం నిలిచిన వరుస! కొన్ని పటాలాలు కలిస్తే బ్రిగేడు. బ్రిగేడుల గుర్తులు కంచు పలకలు. పలక కింది దిమ్మె చదరంగా వుంటే ఉత్తరాది బ్రిగేడు, గుండ్రంగా వుంటే దక్షిణాది బ్రిగేడు.

చాలా స్మారకాలు పాలరాతివి కావు, గ్రానైటువి. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా, ఎంతోకాలానికి చల్లబడితే గ్రానైటు అవుతుంది. పాలరాయిలో సున్నం వుంటుంది కనుక వానకు కొద్దికొద్దిగా కరిగి, దాని మీది అక్షరాలు చెరిగిపోతాయి. గ్రానైటు అంత తొందరగా అరగదు.

మసాచుసెట్స్ 20వ పటాలంవారు మాత్రం చెక్కిన రాయి పెట్టలేదు. తమ ఊరివైపు నుంచి, రాక్స్‌బరీ నుంచి, ఒక పెద్ద బండ తెచ్చి దిమ్మె మీద నిలిపారు. వేరుశనగ అచ్చులో పప్పులు బెల్లంతో అతుక్కుని వున్నట్టు, ఆ బండలో గులకరాళ్లు అతుక్కుని వుంటాయి. అలాంటి బండల మీద వాళ్లు చిన్నప్పుడు ఆడుకున్నారట!

పెన్సిల్వేనియా 11వ పటాలం స్మారకం అడుగున ఒక కంచు కుక్క పడుకుని వుంటుంది. దాని పేరు శాలీ. మొదటి రోజున పటాలం వెనక్కు తగ్గినా, అది చనిపోయిన, గాయపడిన తనవాళ్లను విడిచి రాలేదు. 1865లో మరో యుద్ధంలో అది కూడా గుండు తగిలి చనిపోయింది.

అయితే రాయి ఎక్కడ పెట్టాలి? యుద్ధభూమిని చూసుకునే సంఘంవారు ఒక నియమం చేశారు: పటాలం యుద్ధవరుసలో నిలిచిన చోటనే రాయి వుండాలి. లేకపోతే అందరూ తామే అందరికన్నా ముందున్నామంటారు, రాళ్లన్నీ ఒకేచోట పోగుపడతాయి. ఈ నియమం పెన్సిల్వేనియా 72వ పటాలంవారికి నచ్చలేదు. మూడో రోజున వాళ్లు మొదట రెండో వరుసలో వున్నారు. తరవాత ముందున్న రాతిగోడ దాకా వెళ్లి పోరాడారు. “మావాళ్లు నేలకొరిగిన చోట మా రాయి వుండాలి” అన్నారు. సంఘం కాదన్నది. తగువు కోర్టు కెక్కింది. ముసలివాళ్లైన సిపాయిలు సాక్ష్యాలు చెప్పారు. ముందుకు నడవమని తాను ఆజ్ఞ ఇస్తే ఆ పటాలం వెంటనే కదలలేదని సేనాని వెబ్ చెప్పాడు. చివరకు 1891లో సిపాయిలే గెలిచారు. తుపాకీని తిరగేసి దుడ్డుకర్రలా ఎత్తిన కంచు సిపాయి ఈనాటికీ ఆ గోడ దగ్గర నిలబడి వున్నాడు.

చూశారా? ఆ రాయి 1863లో జరిగినదాన్ని మాత్రమే చెప్పదు. ఇరవై ఎనిమిదేళ్ల తరవాత, బతికినవాళ్లు తమ స్నేహితులను లోకం ఎక్కడ తలుచుకోవాలని కోరారో కూడా చెబుతుంది. రెండూ తెలుసుకోవలసినవే.

మీకెక్కడైనా పాత రాయి కనిపిస్తే దాని మీది రాత చదివి ఊరుకోకండి. దాన్ని ఎవరు నిలిపారు, ఎప్పుడు నిలిపారు, అక్కడే ఎందుకు నిలిపారు అని పెద్దలను అడగండి.