మూడు టాంకుల ముచ్చట

"స్టార్ల కారవాన్‌లో ఏసీ వుంటుందనీ, నిలువుటద్దం వుంటుందనీ, బాత్‌రూమ్ కూడా వుంటుందనీ రాస్తారు. ఆ బాత్‌రూమ్‌కి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయో, వాడాక ఎక్కడికి పోతాయో ఒక్కళ్ళూ రాయరేం?" అని గుడివాడ నుంచి ఒక పాఠకురాలు నిలదీశారు. అమ్మా! ముప్ఫయ్యేళ్ళుగా ఆ బళ్ళ చుట్టూ తిరుగుతున్నా నాకా ప్రశ్న తట్టలేదు. జవాబు ఈమధ్యనే తెలిసింది. ఫిలింనగర్లో కాదు, అమెరికాలో అరిజోనా ఎడారిలో!

మా అమ్మాయీ అల్లుడూ ఫీనిక్స్‌లో వుంటారు. కిందటి ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు, "మావయ్యగారూ, మీకు సినిమా పిచ్చి కదా, 'నోమాడ్‌లాండ్' తీసిన చోటు చూపిస్తాను" అంటూ అల్లుడు ఒక ఆర్‌వి అద్దెకు తెచ్చాడు. ఆర్‌వి అంటే మన కారవాన్‌కి పెద్దన్నయ్య లాంటిది. వంటిల్లూ మంచాలూ స్నానాలగదీ అన్నీ చక్రాల మీదే. 2020లో వచ్చిన ఆ సినిమా మీలో చాలామంది చూసే వుంటారు. క్లోయీ జావో డైరెక్ట్ చేసింది. ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ ఒక వ్యానులో కాపురం పెట్టి దేశమంతా తిరుగుతుంది. 2021లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటి - మూడు ఆస్కార్లూ పట్టుకుపోయింది. అందులో బళ్ళవాళ్ళంతా శీతాకాలంలో ఒకచోట చేరతారు చూడండి, అది క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరి దగ్గర. ఫీనిక్స్ నుంచి పడమటికి రెండు గంటల ప్రయాణం. చుట్టూ వున్న ప్రభుత్వ భూమిలో పద్నాలుగు రోజుల దాకా అద్దె లేకుండా బండి ఆపుకోవచ్చు. అద్దె లేదు నిజమే గానీ కరెంటు తీగా లేదు, కుళాయీ లేదు, మురుగుకాలవా లేదు. తెచ్చుకున్నదే వాడుకోవాలి, వాడుకున్నదంతా మళ్ళీ మనతోనే మోసుకుపోవాలి.

బండి కింద మూడు టాంకులున్నాయి. మంచినీళ్ళది నలభై గాలన్లు, అంటే మన లెక్కలో నూట యాభై లీటర్లు. సింకు నీళ్ళూ స్నానం నీళ్ళూ చేరేది ముప్ఫై గాలన్లు. దాన్ని బూడిదరంగు టాంకు అంటారు. మరుగుదొడ్డిది పాతిక గాలన్లు, దాని పేరు నల్ల టాంకు. ఎందుకా పేరని అడక్కండి. తాగడానికి వేరే కాన్లు తెచ్చుకున్నాం. నలుగురం, నాలుగు రాత్రులు. లెక్కవేస్తే మనిషికి రోజుకి తొమ్మిది లీటర్ల చిల్లర. మా ఇంట్లో నేను వొంటి మీద గుమ్మరించుకునే మొదటి బకెట్టే పదిహేను లీటర్లు!

అందరం నీళ్ళు అయిపోతాయేమోనని భయపడ్డాం. అయితే నూట యాభై లీటర్ల నీళ్ళు వెళ్ళి చేరాల్సిన సింకు టాంకు పట్టేది నూట పదిహేనే కదా. మంచినీళ్ళు అయిపోక ముందే మురుగు నిండుతుంది. ఇది ఆ రాత్రికి గాని నా బుర్రకెక్కలేదు.

మా ఆవిడ ఎక్కడికెళ్ళినా వంట వంటే. బియ్యం మూడుసార్లు కడగాలి. పప్పు కడగాలి. చింతపండు పిసికిన చెయ్యి కుళాయి కింద పెట్టాలి. గిన్నెలు తోముతున్నంతసేపూ కుళాయి పారుతూనే వుండాలి. రెండో రోజు రాత్రి నేను స్నానానికని తలుపు తీసేసరికి కింద పళ్ళెంలో చీలమండ లోతు నీళ్ళు నిలబడి వున్నాయి. పైన పప్పుచారు జిడ్డూ, రెండు కరివేపాకు రెబ్బలూ తేలుతున్నాయి. టాంకు నిండిపోతే నీళ్ళు అన్నింటికన్నా కిందనున్న తూములోంచి వెనక్కి తంతాయిట, ఆ తూము స్నానాలగదిదేట. గోడమీద దీపాలు మాత్రం సింకు టాంకు మూడింట రెండు వంతులే నిండిందని చెబుతున్నాయి. లోపల జిడ్డు పట్టిందంటే ఆ దీపాలు ఎటూ నిజం చెప్పవట. మన వసూళ్ళ ప్రకటనల్లాగే అనుకోండి!

"అయితే ఇహ చుక్కనీరు వాడకూడదన్న మాట" అంది మా ఆవిడ. నేను జోకు అనుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి బండి తలుపు పట్టుకుని అలాగే జారిపోయింది. పెదాలు ఎండిపోయి వున్నాయి. ఎడారి గాలికి చెమట పుట్టినట్టే తెలీదు, పుట్టగానే ఆరిపోతుంది. అమ్మాయి పంచదారా ఉప్పూ కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా పట్టించింది. అరగంటకి తేరుకుంది.

"పొద్దున్నుంచీ నీళ్ళు తాగావా అమ్మా?"

"కాఫీ తాగాను కదే."

"నీళ్ళు?"

"తాగితే మళ్ళీ దొడ్డికెళ్ళాలి. అది కూడా నిండితే ఎడారిలో అల్లుడుగారు ఎక్కడికని పరిగెత్తుతారు?"

అల్లుడు తల పట్టుకున్నాడు. "అత్తయ్యగారూ! మీరు తాగే నీళ్ళకీ ఆ నిండిన టాంకుకీ సంబంధమే లేదండీ. అది సింకుది. మరుగుదొడ్డి టాంకు వేరే. అందులో సగానికి పైగా ఖాళీగా వుంది. మీరు రోజంతా తాగే రెండు మూడు లీటర్లు కుళాయి నిమిషంలోపు పారబోస్తుంది" అన్నాడు.

ఆ మాట వింటున్నానే గానీ నా మనసు అక్కడ లేదు.

1979 వేసవి. రాయలసీమలో ఒక కొండపక్క ఔట్‌డోర్. అప్పటికి మనకి కారవాన్లు లేవు. హిందీలో ఆ వానిటీ వ్యానులు తెచ్చింది నటి పూనమ్ ధిల్లాన్ అంటారు, అదీ తొంభైల నాటి మాట. హీరోయిన్‌కి దగ్గర్లో ఎవరిదో ఇల్లు చూపించారు. గ్రూపు డాన్సు అమ్మాయిలు పాతికమందికి ఏమీ లేదు. మైదానం, కెమెరా, వందమంది మగాళ్ళు. ప్రొడక్షన్ కుర్రాడు మజ్జిగ బక్కెట్టు తెస్తే ఆ అమ్మాయిలు ఒక్కరూ గ్లాసు ముట్టలేదు. నేను చూశాను. సన్నబడ్డానికి డైటింగేమో అనుకున్నాను. మూడో టేకులో ఒకమ్మాయి కుప్పకూలింది. షూటింగ్ పది నిమిషాలు ఆగింది, మరో అమ్మాయిని నిలబెట్టి కానిచ్చారు. ఆ వారం నేనేం రాశానో తెలుసా? "హీరోగారి ఓరచూపుకి డాన్సర్ మూర్ఛ!" అని. పాఠకులు బాగా నవ్వుకున్నారని ఎడిటరుగారు మెచ్చుకున్నారు కూడా. ఆ అమ్మాయి పొద్దుట్నుంచీ ఎందుకు నీళ్ళు తాగలేదో తెలుసుకోడానికి నాకు నలభై అయిదేళ్ళు దాటింది. అదీ నా ఇంట్లో మనిషి పడితే గాని.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో డబ్బు కట్టి టాంకులు ఖాళీ చేసుకునే చోటికి వెళ్ళాం. ఈ ఘట్టం హాలీవుడ్‌కి మహా ఇష్టం. 2006లో వచ్చిన 'ఆర్‌వి'లో రాబిన్ విలియమ్స్ మరుగు ఖాళీ చెయ్యబోతే అది ఫౌంటెన్‌లా పైకి లేస్తుంది. 1989 నాటి 'క్రిస్మస్ వెకేషన్'లో రాండీ క్వెయిడ్ తెల్లారగట్ల గౌను వేసుకొచ్చి వీధి తూములోకి గొట్టం పెడతాడు. థియేటర్లో పడీపడీ నవ్వాను. చేతికి గ్లౌజులు తొడుక్కుని, ఆ గొట్టం రెండో కొస నేనే పట్టుకున్నప్పుడు నవ్వు రాలేదు.

దానికో వరస వుంది. ముందు నల్ల టాంకు వదలాలి, తర్వాత సింకు టాంకు. సబ్బునీళ్ళు గొట్టాన్ని కడుక్కుంటూ పోతాయి. తిరగేస్తే గొట్టం గతి మీరే ఊహించుకోండి. ఇంకో సంగతి, నల్ల టాంకు మూత ఎప్పుడూ తెరిచి వుంచకూడదు. నీళ్ళు కారిపోయి గట్టిది అడుగున గుట్టపడి రాయవుతుంది. బాగా నిండాక ఒక్క వురుకున వదలాలి. దాంట్లో నీళ్ళు ఎక్కువుంటేనే మంచిది. ఆ లెక్కన మన చెంబు అలవాటు ఈ విషయంలో దొరల కాయితం కన్నా మేలే!

మళ్ళీ నీళ్ళు నింపుకుని వెనక్కి వచ్చాక పెత్తనం మా ఆవిడ చేతికి వెళ్ళింది. ఎంగిలి కంచం ముందు కాయితంతో తుడవాలి, తర్వాత తడపాలి. బియ్యానికి ఒక్క కడుగే. స్నానమంటే వొళ్ళు తడుపు, కుళాయి కట్టు, సబ్బు రుద్దు, మళ్ళీ తిప్పు. వేడినీళ్ళు వచ్చేదాకా కారే చన్నీళ్ళని గిన్నెలో పట్టి మరుగుదొడ్డికి వాడాలి. నేను పళ్ళు తోముతూ కుళాయి వదిలేస్తే, "ఏమండీ, కట్!" అని డైరెక్టర్‌లా అరిచేది. అమ్మాయి మాత్రం ఒక స్టీలు గ్లాసు పట్టుకుని గంటగంటకీ వాళ్ళమ్మ ఎదుట నిలబడేది. తాగేదాకా కదిలేది కాదు.

గుడివాడ సోదరీ! మన కారవాన్లకీ కింద అవే టాంకులు. నీళ్ళు టాంకర్ నుంచి ఎక్కుతాయి, మురుగు టాంకులోనే మిగులుతుంది, దాన్ని ఖాళీ చేసే మనిషొకడు వుంటాడు. అతనితో నేనింతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చే నెల ఒక ఔట్‌డోర్‌కి పిలిచారు. ఈసారి హీరోగారి బండి దగ్గర కాకుండా జూనియర్ ఆర్టిస్టులు కూర్చునే చెట్టు దగ్గర దిగుతాను. వాళ్ళకి బండి వుందో లేదో, వుంటే ఎందరికి ఒకటో చూసి రాస్తాను.

1979లో పడిపోయిన అమ్మాయి పేరు రాద్దామనుకున్నాను. అప్పుడు నేను అడగలేదు.

మిగతా వుత్తరాలకి జవాబులు వచ్చేవారం.