పోయిన వెండి, కలిగిన తాపము



క్రిందటి సంక్రాంతికి మా యింట నొక వెండి గ్లాసు కనబడకుండ పోయినది. అది మా అమ్మమ్మగారు మాకిచ్చినది. ఏడేండ్లుగా మా యింట అంట్లు తోమి, కళ్లాపి చల్లి, మా బిడ్డల నెత్తుకొని తిరిగిన పనిమనిషిని మేము వీధిగుమ్మములో నిలిపి అడుగరాని మాట అడిగితిమి. ఎదురింటివారును, పాలు పోయ వచ్చిన మనిషియు వినిరి. ఆమె మారు పలుకక, చేతిలోని చీపురు గోడకు చేరవేసి వెడలిపోయినది. మూడు వారములకు బియ్యపుబాన అడుగంటినప్పుడు గ్లాసు బయటపడినది. మా చిన్నవాడు బియ్యముతో నాడుకొనుచు దానినందు పూడ్చి మరచినాడు. మేము దానిని కడిగి తుడిచి, ఎవరితోను చెప్పక, అలమరలో పెట్టితిమి.

ఈ శీర్షికయందు గ్రంథములను గూర్చి ముచ్చటించుట మాకు వాడుక గాని ఇంటిగుట్టు చెప్పుకొనుట వాడుక కాదు. అయినను ఆ దినములలోనే మావారు రాత్రిపూట విక్టరు హ్యూగో నవలను చదివి మాకు అర్థము చెప్పుచుండిరి. అందును పోయినది వెండియే. కావున దీనిని విడిచి దానిని చెప్పుట మాకు సాధ్యము కాలేదు.

1862 సంవత్సరమున ప్రకటింపబడిన ఆ నవల పేరు లే మిజరాబ్ల్. దీనులు, దుఃఖితులు అని దాని యర్థము. జీన్ వాల్‌జీన్ అనువాడు అక్కబిడ్డల యాకలికై ఒక రొట్టె దొంగిలించి అయిదేండ్ల శిక్ష పొందును. తప్పించుకొనిపోవ యత్నించినప్పుడెల్ల శిక్ష పెరిగి పందొమ్మిదేండ్లగును. 1815లో విడుదలయై వచ్చిన వానికి ఏ పూటకూళ్లవారును అన్నము పెట్టరు. తుదకొక వృద్ధ బిషప్పు తన పంక్తిని గూర్చుండబెట్టుకొని, వెండిసామానుతో వడ్డింపించి, మెత్తని పడక నిచ్చును. నడురేయి వాడు ఆ వెండిసామానుతోనే పారిపోవును. మరునాడు రాజభటులు వానిని పట్టితెచ్చినప్పుడు, ఆ వెండిసామాను తానే ఇచ్చితిననియు, వెండి దీపస్తంభముల జత కూడ ఇచ్చితినే, వానినేల మరచిపోతివనియు బిషప్పు పలుకును.

ఇంతవరకు అందరును చెప్పుకొనుకథయే. మేము ఆగినది మరియొక చోట. ఆ బిషప్పుగారి యింట ఇద్దరు స్త్రీలున్నారు: పెండ్లి లేని చెల్లెలు బాప్తిస్తీను, ముసలి వంటకత్తె మాగ్లువారు. ఆయన తన వేతనములో ముప్పాతిక మించి ధర్మములకిచ్చివేయగా, చెల్లెలి స్వల్పాదాయము కూడ కలిపి, ఏటికి 1500 ఫ్రాంకులతో ముగ్గురి సంసారము నడపునది ఈ స్త్రీలే. వీధితలుపునకు గడియ వలదని ఆయన యనిన, రాత్రులయందు గుండె చేతబట్టుకొని పండుకొనువారును వీరే. వెండి పోయిన యుదయమున మాగ్లువారు గగ్గోలుపెట్టగా బిషప్పు, ఆ వెండి మనదా, అది బీదలది కాదా, యని యడుగును. ఇక దేనిలో భుజింతురని ఆమె ప్రశ్న. తగరపు పాత్రలున్నవి గదా యని ఆయన. తగరమునకు వాసన యని ఆమె. ఇనుమున్నదిగా యని ఆయన. ఇనుమునకు రుచి యంటునని ఆమె. అట్లయిన కొయ్యపాత్రలు చాలునని తీర్మానము. ఈ సంభాషణము మగవారు నవ్వుచు చదువుదురు. మాకు మాత్రము మాగ్లువారిపై జాలి కలిగినది. కరుణించిన కీర్తి ఇంటి యజమానికి వచ్చెను. కొయ్యపాత్రలు తోమునది ఆమె. అయినను ఆ యింటిలోని ముగ్గురును ఆ వెండిని నిజముగానే కోల్పోయిరి. వెల లేని క్షమను హ్యూగో చూపలేదు.

ఇంకొక సంగతి. అంతటి దయ పొందిన క్షణముననే వాల్‌జీన్ మారలేదు. ఆ దినముననే దారిలో పదేండ్ల బాలుడొకడు చేతినుండి జారవిడిచిన నలువది సూల నాణెమును కాలితో త్రొక్కిపట్టి, ఏడ్చుచున్న ఆ పసివానిని తరిమివేసెను. వాడు పోయిన పిమ్మట కాలిక్రింది నాణెమును చూచి, పందొమ్మిదేండ్లలో మొదటిసారి వెక్కివెక్కి యేడ్చెను. ఎంత పిలిచినను ఆ బాలుడు మరల కనబడలేదు. వాల్‌జీన్ తరువాత ధనికుడై, పురాధ్యక్షుడై కూడ, ఊరికి వచ్చిన ఆ జాతి కుర్రవాండ్ర నెల్ల పిలిచి పేరడిగి డబ్బిచ్చుచుండెను. అచ్చియున్నవాడు దొరకలేదు. అప్పు తీరలేదు.

పశ్చాత్తాపమను మన సంస్కృతపదమునకు వెనుకటి మంట యని యర్థము. పని జరిగిన పిదప కాలునది. క్రైస్తవుల మూలగ్రంథములోని గ్రీకుమాట మెటనోయా. దానికి మనస్సు మారుట యని భావము. తెలుగు బైబిలులో దీనిని మారుమనస్సు అని చక్కగా తెనిగించిరి. మన మాట బాధను చెప్పును, వారి మాట మలుపును చెప్పును. బాధపడి మలుపు తిరుగనివారు లోకమున పెక్కురు. గ్లాసును అలమరలో పెట్టిన మేమును ఆ కోవలోనివారమే. లూకా వ్రాసిన సువార్తలో ఒక స్త్రీ పది వెండినాణెములలో ఒకటి పోగా, దీపము వెలిగించి ఇల్లంతయు ఊడ్చి వెదకి, దొరకగనే ఇరుగుపొరుగు స్త్రీలను పిలిచి సంతోషించిన కథ కలదు. మేము దొరికినదని ఎవరిని పిలువగలము?

ఇక ఇంగ్లండు కథ. జార్జి ఎలియటు మగపేరు పెట్టుకొన్న స్త్రీ. అసలుపేరు మేరీ ఆన్ ఇవాన్సు. ఆమె 1859లో ప్రకటించిన ఆడం బీడు అను నవలలో హెట్టీ యను పల్లెపడుచు జమీందారు మనుమనిచే మోసపోయి, రహస్యముగా కన్నబిడ్డను అడవిలో గడ్డికప్పి విడిచి, ఉరిశిక్ష పొందును. న్యాయస్థానములో నోరు విప్పదు. డైనా యను మెథడిస్టు బోధకురాలు చెరసాలకు వెళ్లి, చీకటిలో ఆమెను కౌగిలించుకొని కూర్చుండును. మాటల కంటె ముందు స్పర్శ. చాలసేపటికి హెట్టీ రాయి కరగినట్లు కరగి, బిడ్డ యేడుపు తనకింకను వినబడుచున్నదని చెప్పుకొనును. ఉరికంబమునకు పోవు బండిలో కూడ డైనా ఆమె ప్రక్కనే నిలుచును. కడపట ఉరి తప్పి, ద్వీపాంతరశిక్ష వచ్చును. ఇది వట్టి కల్పన కాదు. రచయిత్రి పినతల్లి వరుసయైన ఎలిజబెత్తు ఇవాన్సు, 1802లో నాటింగుహాము పట్టణమున ఉరితీయబడిన మేరీ వోసు అను తల్లితో చెరసాలలో ఆ కడపటి రాత్రి గడపినది. ఆమె చెప్పిన వృత్తాంతమే ఈ నవలకు బీజము. ఎలియటు తాను నవల వ్రాయునాటికి చర్చి విశ్వాసమును విడిచిన వనిత. అయినను ఆ చెరసాల గదికి బయట నిలిచి ఆమె ఆ ఘట్టమును వ్రాసినట్లు మాకు తోచలేదు.

మమ్ము నిదురపోనీయనిది టాల్‌స్టాయి రచించిన పునరుత్థానము. 1899లో వెలువడిన ఆ నవలవలన వచ్చిన ధనమును ఆయన, మతమునిమిత్తము బాధలుపడుచుండిన డూఖబోరులు కెనడాకు వలసపోవుటకు వినియోగించెను. అందలి చర్చి విమర్శ ఆయనకు చేటు తెచ్చినది. 1901లో రష్యా చర్చి ఆయనను వెలివేసెను.

నెఖ్లూడోవు అను ప్రభువు యౌవనమున తన మేనత్తల యింటి దాసి కత్యూషాను ఈస్టరు పండుగనాళ్లలో చెరచి, చేతిలో నూరు రూబుళ్లు పెట్టి సైన్యములోనికి వెళ్లిపోవును. గర్భవతియైన ఆమె ఒక వానరాత్రి, అతడు పోవు రైలు చెంతకు పరుగిడి, వెలుగుచున్న పెట్టెలో పేకాడుచున్న వానిని కిటికీనుండి చూచును. బండి కదలును. ఆమె వేదికవెంట పరుగెత్తును. నాటితో ఆమెకు దేవునియందును మనుష్యులయందును నమ్మకము పోవును. బిడ్డ చచ్చును; తాను పడుపువృత్తిలో దిగును. ఏండ్లు గడచిన పిదప, ఒక వర్తకుని విషమిచ్చి చంపినదను నేరముపై ఆమె బోనులో నిలిచినప్పుడు, విచారించు జూరీలో నెఖ్లూడోవు ఒకడు. చంపు ఉద్దేశము ఆమెకు లేదను మాట తీర్పులో చేర్చుటకు జూరీవారు మరచిరి. ఆ ఒక్కమాట మరచుటవలన ఆమెకు సైబీరియాలో నాలుగేండ్ల కఠినశిక్ష.

మన దుష్యంతుడు నిండుకొలువులో శకుంతలను ఎరుగనన్నాడు. ఈతడు నిండుకొలువులో ఎరిగినాడు. దుష్యంతుడు పాదములపై బడినంతనే శకుంతల తన పూర్వకర్మము నిందించుకొని అతని మన్నించినది. చిన్ననాడు మా తండ్రిగారివద్ద ఆ ఘట్టము చదివినప్పుడు మాకు కన్నీరు వచ్చెడిది. కత్యూషా అట్లు చేయలేదు. చెరసాలకు వచ్చి, పెండ్లాడెదనని పలికిన ప్రభువును ఆమె మొదట పది రూబుళ్లడిగినది. తరువాత ఒకనాడు మండిపడి, ఈ లోకమున నావలన సుఖించితివి, పరలోకమునకు కూడ నన్నే మెట్టు చేసికొనెదవా యను భావముతో తిట్టి పంపినది. మేము పుస్తకము మూయించి, ఆ రాత్రికి చాలునంటిమి.

ఆ తిట్టు తగిలిన పిమ్మటనే నెఖ్లూడోవు నిజముగా మారసాగినాడు. అంతవరకు అతనికి తన మంచితనము చూచుకొని మురిపెము. అటుపై భూములను రైతుల పరము చేసి, ఖైదీలవెంట సైబీరియాకు పోయినాడు. శిక్ష తగ్గినప్పుడు కత్యూషా అతనిని గాక సైమన్సను అను రాజకీయఖైదీని వరించినది. నెఖ్లూడోవుపై ప్రేమ లేక కాదు, అతనిని బంధవిముక్తుని చేయుటకేయని కవి సూచన. దయ చూపువారెవరు, పొందువారెవరు అనునది అక్కడ తారుమారైనది. ఈ కథకు మూలము కోనీ యను న్యాయవేత్త టాల్‌స్టాయికి చెప్పిన యథార్థగాథ. అందులో ఆ యువతి పెండ్లికి ముందే చెరసాలలో మరణించినది. నిజజీవితము నవలవలె రెండవ యవకాశ మీయలేదు.

ఆ మరునాటి సాయంకాలము మేము చీరయు, కొంత రూకయు తీసికొని మా పనిమనిషి పాకకు వెళ్లితిమి. గ్లాసు దొరికినదని చెప్పి, తప్పు మాదేయంటిమి. ఆమె మా చేతిలోని చీరవంక చూడలేదు. “నన్నన్న మాట వీధిలో అందరూ విన్నారమ్మగారూ. ఈ మాట మట్టుకు పాకలోకొచ్చి చెప్పిపోతే ఎట్టాగండీ?” అన్నది. రేపు మా వీధిగుమ్మమునకు రమ్మంటిమి. “నేనెందుకండీ? మీరు చెప్పండి. చెబితే నాకు తెలుస్తదిలెండి” అన్నది.

చీర మడత విప్పక తెచ్చుకొంటిమి. ఆ రాత్రి మావారు మరియేమియు చదువలేదు. తెల్లవారి పాలు పోయు మనిషి వచ్చువేళకు మేము గుమ్మములో నిలిచి, ఎదురింటివారిని పిలిచి, గ్లాసు చూపి, జరిగినది చెప్పితిమి. మాట పూర్తియగుటకు రెండు నిమిషములు పట్టలేదు. నాడు ఆమెను నిలదీయుటకు అరగంట పట్టినది.

ఆమె మరల మా యింటికి పనికి రాలేదు. ఎదురింట కుదిరినది. ఉదయమున వాకిలి చిమ్ముచు మమ్ము చూచినప్పుడు ఒక్కమారు చిన్నబాబు బాగున్నాడా యని యడిగినది. అంతకుమించి మాటలాడలేదు, మేమును అడుగలేదు.